గాలి చాలని చోట ఆయిల్

పాత బీటిల్‌నో, ఫియట్ 500నో, తొలితరం పోర్షే 911నో నడిపేవాళ్ళకి ఎండలు ముదిరాయంటే ఒకటే టెన్షన్: ఇంజన్ వేడెక్కిపోతోంది, ఏం చెయ్యాలి? వీటిలో రేడియేటరూ ఉండదు, నీళ్ళూ ఉండవు. బెల్టుతో తిరిగే ఒక ఫ్యాన్ గాలి తోలుతుంది, సిలిండర్ల చుట్టూ ఉన్న ఫిన్‌లు, అంటే పల్చటి లోహపు రెక్కలు, ఆ గాలికి వేడిని అప్పజెబుతాయి. ఈ బెల్టు ఫ్యాన్ పీకేసి, ఇప్పటి కార్ల రేడియేటర్ దగ్గరుండే ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించేస్తే పోలా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నా ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంది, బెల్టు లాగే భారమూ తప్పుతుంది. వినడానికి బాగానే ఉంది. లెక్క వేసి చూస్తే మాత్రం కుదరదు. అదే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ని తెచ్చి ఒక ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటి పలక) వెనక పెడితే చక్కగా పనిచేస్తుంది. ఎందుకో చూద్దాం.

పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది మూడో వంతు కూడా ఉండదు. మరో పెద్ద వాటా పొగతోపాటు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన వేడిని ఇంజన్ తన ఒంటి మీద నుంచే వదిలించుకోవాలి. హైవే మీద పోతున్న 1600 సీసీ బీటిల్ ఇంజన్ ఇలా 20 కిలోవాట్ల వేడిని వదిలించుకోవాలనుకుందాం. గాలి లోపలికి వెళ్ళినప్పటికన్నా 50 డిగ్రీలు ఎక్కువ వేడితో బయటికి వస్తుందనుకుంటే, సెకనుకి 330 లీటర్ల గాలి కావాలి. ఆ గాలినేమో ఇరుకైన ఫిన్‌ల సందుల్లోంచి గట్టిగా నెట్టాలి. బీటిల్‌లో ఉన్నది అందుకు తగిన సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్, అంటే గాలిని లోపలికి లాక్కుని అంచుల వైపు విసిరి ఒత్తిడి పుట్టించే రకం. పల్చటి రేడియేటర్ కోసం చేసిన ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి అంత ఒత్తిడి పుట్టించే శక్తి లేదు. ఎదురు అడ్డం పెరిగేకొద్దీ అది తోలే గాలి గభాలున పడిపోతుంది.

సరే, అంత శక్తిగల మోటారే పెడదామనుకోండి. బెల్టు ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఇంజన్ నుంచి తీసుకునేది ఒకటీ అరా హార్స్‌పవర్ కాదు. మూడు అనుకుని లెక్కేస్తే 2,200 వాట్లు. 14 వోల్టుల దగ్గర అది దాదాపు 160 ఆంపియర్లు. పాత డైనమోలు ఇచ్చేది 30 ఆంపియర్ల దాపుల్లో, తర్వాత వచ్చిన ఆల్టర్నేటర్లు ఇచ్చేది 50, 55. అరవైల నడిమి దాకా వచ్చిన బీటిల్స్ చాలావాటిలో ఉన్నవి అసలు 6 వోల్టులే. పైగా ఆల్టర్నేటర్‌ని తిప్పేది కూడా ఆ ఇంజనే, అదీ బెల్టుతోనే. కరెంటుగా మార్చి మళ్ళీ తిప్పుడుగా మార్చేసరికి మధ్యలో సగానికి దగ్గరగా పోతుంది. మిగులుతుందనుకున్న హార్స్‌పవర్ మిగలకపోగా అదనంగా ఖర్చవుతుంది.

బెల్టు ఫ్యాన్‌కీ ఒక బలహీనత ఉంది. అది ఇంజన్ వేగాన్ని నమ్ముకుని బతుకుతుంది. ఫ్యాన్ వేగం సగమైతే గాలీ సగమవుతుంది. ఆగి ఉన్న ట్రాఫిక్‌లో ఇదే ప్రమాదం అనుకుంటారు గానీ, అక్కడ ఇంజన్ పుట్టించే వేడి కూడా తక్కువే కాబట్టి లెక్క ఓ మాదిరిగా సరిపోతుంది. అసలు చిక్కు ఘాట్ రోడ్డులో. టాప్ గేర్ వదలకుండా, యాక్సిలరేటర్ నేలకి తొక్కిపెట్టి, మూలుగుతున్న ఇంజన్‌తో ఎక్కిస్తుంటే లోపల మంట పూర్తిగా ఉంటుంది, బయట ఫ్యాన్ మాత్రం నెమ్మదిగా తిరుగుతుంటుంది. గేర్ ఒకటి తగ్గిస్తే ఇంజన్ గోల పెరుగుతుంది, గాలీ పెరుగుతుంది. పైసా ఖర్చులేని ఈ చిట్కా ఎన్నో ఖరీదైన మార్పులకన్నా మేలు. కానీ ఇంజన్ అరుస్తుంటే పాడైపోతుందేమోనని భయపడి చాలామంది చెయ్యరు.

ఇక ఆయిల్ సంగతి. పిస్టన్ అడుగుభాగం, క్రాంక్ బేరింగులు, క్యామ్‌షాఫ్ట్ వంటి చోట్లకి ఫ్యాన్ గాలి ఎప్పటికీ చేరదు. అక్కడి వేడిని మోసుకొచ్చే కూలీ ఆయిలే. వేడిని మొయ్యడంలో దీనికీ గాలికీ పోలికే లేదు. ఒక లీటరు ఆయిల్ ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1,700 జౌళ్ళు తీసుకుంటుంది. లీటరు గాలికి 1.2 జౌళ్ళు చాలు. అంటే దాదాపు 1,400 రెట్లు తేడా. నీళ్ళు ఇంకా నయం, ఆయిల్‌కి రెట్టింపు పైనే మోస్తాయి. కానీ ఈ ఇంజన్లలో నీళ్ళు తిరగడానికి దారులు లేవు, ఆయిల్‌కి ఉన్నాయి.

కాబట్టి నిమిషానికి 10 లీటర్ల ఆయిల్‌ని బయటికి తెచ్చి, 15 డిగ్రీలు చల్లబరిచి వెనక్కి పంపితే దాదాపు 4 కిలోవాట్ల వేడి తీసేసినట్టే. కూలర్ గుండా పోయే గాలి 25 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే అందుకు కావలసింది సెకనుకి 130 లీటర్ల పైచిలుకు. పల్చటి కూలర్‌లోంచి ఇంత గాలి లాగడం 10 అంగుళాల మామూలు ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి పెద్ద పనేం కాదు, 10, 12 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. ఆల్టర్నేటర్ ఉన్న కారుకి అది భారం కాదు. ఇంజన్ మీద చేతకాని ఫ్యాన్ ఇక్కడ పనికొచ్చిందంటే కారణం ఒకటే. ఇంజన్‌లో మూలమూలలా ఉన్న వేడిని ఆయిల్ ఏరుకొచ్చి, మనం ఎంచుకున్న చోట, గాలి సులువుగా దూరే పలక మీద పరిచింది.

ఇది కొత్త తెలివేం కాదు. ఈ ఇంజన్లు తయారుచేసినవాళ్ళు మొదటినుంచీ ఆయిల్ మీద ఆధారపడ్డారు. 1948లో వచ్చిన సిట్రోయెన్ 2సీవీలో కూడా ఫ్యాన్ వెనకే ఓ చిన్న ఆయిల్ కూలర్ ఉండేది. పోర్షే 911 అయితే ఆయిల్‌ని ఇంజన్ కింద కాకుండా విడిగా ట్యాంకులో ఉంచింది. బలమైన మోడల్స్‌కి ముందు బంపర్ పక్కన రెండో కూలర్ పెట్టి, వెనకనున్న ఇంజన్ నుంచి అక్కడిదాకా పైపులు నడిపింది. ఎనభైల్లో ఆ ముందరి కూలర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్ కూడా జతచేసింది. మెయిన్ ఫ్యాన్ మాత్రం 1998లో 911లో గాలితో చల్లబడే ఇంజన్ల శకం ముగిసేదాకా బెల్టు మీదే తిరిగింది.

బీటిల్ కథ ఇంకా ముచ్చటైంది. మొదట్లో దాని ఆయిల్ కూలర్ ఫ్యాన్ డబ్బా లోపలే, ఎడమవైపు నిలబెట్టి ఉండేది. దాన్ని దాటి వచ్చిన వేడిగాలే కింద ఉన్న మూడో సిలిండర్‌కి దక్కేది. మిగతా మూడింటికీ తాజా గాలి, దీనికి ఎంగిలి గాలి. మూడో సిలిండర్‌కి ఎక్కువ వేడెక్కుతుందన్న చెడ్డపేరు అలా వచ్చింది. సిలిండర్లకి స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్లు కొన్నిటిలో ఆ ఒక్క సిలిండర్‌కి స్పార్కుని రెండుమూడు డిగ్రీలు ఆలస్యం చేసి కంపెనీ సర్దుబాటు చేసుకుంది. 1971 మోడల్‌కి గానీ కూలర్ ఆ దారిలోంచి పక్కకి జరగలేదు. డబ్బా వెనక దానికో ప్రత్యేకమైన గూడు కట్టి, వేడిగాలి విడిగా బయటికి పోయేలా చేశారు. ఆ గూడు ఉన్న ఇంజన్ అయితే దాన్ని తీసేసి మొత్తం భారాన్ని బయటి కూలర్ మీద వేయాలని నేను చెప్పను. ఉన్నదాన్ని ఉంచి, అదనంగా ఇంకోటి పెట్టడమే మంచిది.

ఆ ఇంజన్‌లో నాకు బాగా నచ్చేది ఒక చిన్న వాల్వ్. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, ఒత్తిడి ఎక్కువ. ఆ ఒత్తిడికి స్ప్రింగు మీదున్న పిస్టన్ కిందికి దిగి, ఆయిల్‌ని కూలర్‌కి పోనివ్వకుండా తిన్నగా బేరింగులకి పంపుతుంది. వేడెక్కి పల్చబడ్డాక ఒత్తిడి తగ్గి, పిస్టన్ పైకి లేచి కూలర్ దారి తెరుస్తుంది. వేడిని బట్టి దారి తెరిచి మూసే థర్మోస్టాట్ పనిని ఆయిల్ చిక్కదనమే చేసిపెట్టింది! కొత్తగా కూలర్ పెట్టేవాళ్ళు తరచు మర్చిపోయేది సరిగ్గా ఈ విషయాన్నే. థర్మోస్టాట్ లేకుండా కూలర్ బిగిస్తే చలిరోజుల్లో ఆయిల్ 60 డిగ్రీలు దాటడం కూడా కష్టమవుతుంది. అంత చల్లటి ఆయిల్‌లో చేరిన తేమా, కాలని పెట్రోలూ ఆవిరైపోవు, చివరికి బురదలా పేరుకుంటాయి. 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్, 95 దగ్గర ఫ్యాన్ ఆన్ చేసే స్విచ్చి ఉంటే చాలు. ఆయిల్ 90 నుంచి 110 మధ్య ఉంటే హాయి. 120 దాటి చాలాసేపు ఉంటే ఆలోచించాలి.

ఆయిల్ కూలర్ చెయ్యలేని పని కూడా ఉంది. సిలిండర్ల మీద మూతలా ఉండే సిలిండర్ హెడ్‌ని అది పెద్దగా చల్లబరచదు. మంట దగ్గరా పొగ బయటికి పోయే దారి దగ్గరా పుట్టే వేడి ఫిన్‌ల మీదుగా గాలిలోకే పోవాలి. పెట్రోలు తక్కువై మిశ్రమం పల్చగా ఉంటేనో, స్పార్కు టైమింగ్ ముందుకు జరిగి ఉంటేనో హెడ్ కాలిపోతుంటుంది, ఆయిల్ మీటరు మాత్రం అంతా బాగుందనే చూపిస్తుంది. అందుకే డబ్బు ఖర్చుపెట్టే ముందు కార్బురేటర్, టైమింగ్ చూసుకోవాలి. ఇంజన్ చుట్టూ ఉండే రేకులు, రబ్బరు సీళ్ళు అన్నీ ఉన్నాయో లేదో కూడా. ఎప్పుడో రిపేరుకి ఊడదీసి, మళ్ళీ బిగించకుండా మూలన పడేసిన రేకు ఒక్కటి చాలు. కిందికి పోవాల్సిన వేడిగాలిని ఫ్యాన్ మళ్ళీ పైకి పీల్చుకుంటుంది. కొత్త కూలర్‌ని తీసుకెళ్ళి ఆ ఫ్యాన్ గాలి పీల్చుకునే చోట వేలాడదీసినా జరిగేది ఇదే.

పైపుల విషయంలో పిసినారితనం వద్దు. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి బాగా పెరుగుతుంది, దానికి తట్టుకునే హోసులే కావాలి. రాపిడి తగలని దారిలో, సైలెన్సర్‌కి దూరంగా నడపాలి. కారిన ఆయిల్ ఎర్రగా కాలిన సైలెన్సర్ మీద పడితే మంట లేస్తుంది. బీటిల్ క్రాంక్‌కేస్, అంటే క్రాంక్‌ని కప్పి ఉంచే ఇంజన్ డబ్బా, మెగ్నీషియం మిశ్రమం, ఒకసారి అంటుకుంటే నీళ్ళు చల్లినా ఆరదు సరికదా ఇంకా రేగుతుంది.

ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరిగేలా వైరింగు చేయించుకునేవాళ్ళు ఉన్నారు, మేలనుకుని. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది. అప్పుడు ఫ్యాన్ చల్లబరిచేది కూలర్‌లో నిలిచిపోయిన కాస్త ఆయిల్‌నే, ఇంజన్‌లోని వేడి అక్కడే ఉంటుంది, బ్యాటరీ మాత్రం దిగిపోతుంది. ఫ్యాన్‌కి కరెంటు కలిపే రిలేని ఇగ్నిషన్ లైనుకి కలిపి, సరైన ఫ్యూజు వేసి, దూరం నడిచొచ్చిన ఇంజన్‌ని వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వండి. ఆ కాసేపట్లో మెయిన్ ఫ్యానూ, పంపూ, కూలర్ ఫ్యానూ మూడూ కలిసి పనిచేస్తాయి.