గులాబీ పువ్వు, కరాచీ వీడియో, మా మేనల్లుడి యాప్

మా అక్క కొడుకు గచ్చిబౌలి దగ్గర బీటెక్ మూడో ఏడు చదువుతున్నాడు, పోయిన నెల వచ్చి మామా హ్యాకథాన్‌కి (ఒకట్రెండు రోజుల్లో యాప్ లాంటిది చేసి చూపించే పోటీ) ఏదైనా ఐడియా చెప్పు అన్నాడు. వాడి క్లాసులో సగం మంది అప్పటికే ఫేక్ న్యూస్ కనిపెట్టే ఏఐ అని రాసిచ్చేశారంట. ఏది నిజమో మనుషులకే తేలట్లేదు, మెషిన్‌కి ఎక్కడ తేలుతుందిరా అని నవ్వి, 2018 సంగతి చెప్పా, అప్పుడు వాడు ఆరో ఏడో క్లాసు.

ఆ ఏడాది మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు. ఆ పుకారు పట్టుకునే చాంద్రాయణగుట్టలో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపేశారు. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బైక్ మీద వచ్చినోళ్లు పిల్లాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన అవేర్‌నెస్ వీడియో! చివర్లో పిల్లాడిని వెనక్కి తెచ్చి దింపేస్తారు, ఆ ముక్క కోసేసి వదిలారు. ఏఐతో చేసే దొంగ వీడియో, అదే డీప్‌ఫేక్, అక్కర్లేకుండానే పనైపోయింది.

కాబట్టి మెషిన్‌ని నిజమా అని అడగొద్దు, ఇది ఇంతకుముందు ఎక్కడైనా తిరిగిందా అని అడగాలి. దీనికి పర్సెప్చువల్ హ్యాష్ అనేది ఉంది, ఫొటోకి వేలిముద్ర లాంటిది. మామూలు హ్యాష్‌లో ఒక్క పిక్సెల్ మారినా మొత్తం నంబర్ మారిపోతుంది, వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి మసకబారిన ఫొటోకి అది పనికిరాదు. ఇందులో ఒక సింపుల్ పద్ధతి ఏంటంటే బొమ్మని బ్లాక్ అండ్ వైట్ చేసి 9 గళ్ల వెడల్పు 8 గళ్ల ఎత్తుకి కుదించేయడం, ప్రతి గడీ పక్కదానికంటే ముదురా లేతా అని చూసి 1 లేదా 0 వేసుకోవడం, అలా 64 బిట్లు వస్తాయి. మసకబారినా ముదురు ముదురే, లేత లేతే, అందుకే మారినా ఏ నాలుగైదు బిట్లో మారతాయి. వీడియో అయితే అక్కడక్కడా ఫ్రేములు తీసి ఇదే చేస్తే చివర కోసేసినా దొరికిపోతుంది. 2009లో మైక్రోసాఫ్ట్, అమెరికా ప్రొఫెసర్ హనీ ఫరీద్ కలిసి చేసిన ఫొటోడీఎన్ఏ ఈ జాతిదే, పిల్లల మీద జరిగే ఘోరాల ఫొటోల్ని పట్టుకోవడానికి.

వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, మధ్యలో ఎవరూ చూడలేరు. చూడకూడదు కూడా, నా ఓటు దానికే. అందుకే పాత పుకార్ల వేలిముద్రల లిస్టుతో పోలిక మన ఫోన్‌లోనే జరగాలి, అదీ మనం షేర్ కొట్టి అడిగితేనే. ఇంకో చిక్కు, పాత అబద్ధాల లిస్టు ఎవరు రాస్తారు? అది ఒక్కరి చేతిలో పెడితే రేపు వాళ్లకి నచ్చని కార్టూన్ కూడా అందులోకి ఎక్కేస్తుంది.

పెద్ద కంపెనీలే చేయాలనేం లేదు. అమెరికాలో త్రిషా ప్రభు 2013లో పదమూడేళ్లప్పుడు రీథింక్ అనే యాప్ పని మొదలుపెట్టింది, తిట్టు పంపేముందు ఒకసారి ఆలోచించు అని ఆపుతుంది, అంతే. ఆమె టెస్టుల్లో 93 శాతం సార్లు పిల్లలు మనసు మార్చుకున్నారంట. తెలుగులో అలాంటిది చేయాలంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 'వద్దు'కే నాలుగు స్పెల్లింగులు, పైగా మన హైదరాబాద్‌లో తిట్టకుండా ఫ్రెండ్‌ని పిలిచేదెవరు? ఏది ప్రేమో ఏది పగో ఇక్కడ పెరిగిన పిల్లలే లేబుల్ వేయగలరు. అన్నిటికీ యాప్ అక్కర్లేదు లెండి, 2018లో గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లల్లో డప్పు కొట్టించి, పాటలు పాడించి పుకార్లు నమ్మొద్దని చెప్పించారు.

సరే, మావాడు హ్యాష్ యాప్ చేసి మొదట వాళ్లమ్మ ఫోన్‌లోనే వేశాడు. అక్క ఉత్సాహంగా పొద్దున్నే వచ్చిన గుడ్ మార్నింగ్ గులాబీని దానికి షేర్ చేస్తే, జాగ్రత్త, ఇది పాత పుకారు అని ఎర్రగా చూపించింది. తేడా 20 బిట్ల దాకా ఉన్నా ఒకటే అనుకోమని పెట్టాడంట! ఇప్పుడు దాన్ని పదికి తగ్గించి, ఇంట్లో అందరి ఫోన్లలో ఉన్న పువ్వులూ దేవుళ్ల ఫొటోలన్నీ అడుక్కుని టెస్ట్ చేస్తున్నాడు.