ఊక కప్పు మట్టిలో కలుస్తుందా?

లక్కీకి, చిన్నూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో మీరు తెచ్చిన, వరి ఊకను ప్లాస్టిక్‌లో కలిపి చేసిన కప్పు చూపించి, "పెరట్లో పాతితే మట్టిలో కలిసిపోతుందా తాతయ్యా?" అని అడిగారు. కలిసిపోతుందని తొందరపడి చెప్పాను. అది సరైన జవాబు కాదు, అందుకే ఈ ఉత్తరం.

100 కిలోల వడ్లు ఆడిస్తే దాదాపు 20 కిలోలు ఊకే వస్తుంది. తవుడు పశువులు ఇష్టంగా తింటాయి, ఊకను మాత్రం పెద్దగా ముట్టవు. ఇసుకలో ఉండే సిలికాయే దానిలోనూ ఎక్కువగా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే గరుకుగా తగిలేది అందుకే.

మా చిన్నప్పుడు మట్టిగోడ పెట్టాలంటే మట్టిలో ఊక, వరిగడ్డి ముక్కలు వేసి కాళ్ళతో తొక్కేవాళ్ళం. గోడ ఎండాక బీటలు తీయకుండా అవి పట్టి ఉంచేవి. మీ కప్పు చేసే ఫ్యాక్టరీలో మట్టికి బదులు కరిగిన ప్లాస్టిక్ ఉంటుంది. ఇదీ కొత్త సంగతేం కాదు. మన పాతింట్లో నల్లటి స్విచ్చులు గుర్తున్నాయా? అవి బేకలైట్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌వి. బేక్‌లాండ్ అనే శాస్త్రవేత్త 1907లో కనిపెట్టిన ఆ పదార్థం పెళుసు కాబట్టి, అందులో చెక్కపిండి కలిపేవారు.

ఊకతో పని అంత తేలిక కాదు. ముందు బాగా ఎండబెట్టి, మెత్తగా పొడి కొట్టాలి. తడి మిగిలితే వేడికి ఆవిరై కప్పులో బుడగలు వస్తాయి. వేడి 200 డిగ్రీలు బాగా దాటితే ఊక మాడడం మొదలవుతుంది. పైగా ఊక నీళ్ళు పీల్చుకునే రకం, ప్లాస్టిక్ నీళ్ళను దగ్గరకు రానివ్వని రకం. రెండూ సరిగ్గా అంటుకోవు, కప్పు విరిగిపోతుంది. అందుకని రెండింటినీ పట్టుకునే మూడో పదార్థం కొంచెం కలుపుతారు.

ఇక మీ ప్రశ్న. ఊక ఎలాగూ కుళ్ళుతుంది. దాన్ని పట్టి ఉంచింది ఏ ప్లాస్టిక్ అన్నదే అసలు సంగతి. బకెట్లు చేసే పాలీప్రొపిలీన్ అయితే ఊక పోయినా ప్లాస్టిక్ ముక్కలై మట్టిలోనే ఉండిపోతుంది. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ అయితే కుళ్ళుతుంది, కానీ దానికి 60 డిగ్రీల దగ్గర వేడి ఉండే పెద్ద కంపోస్టు కుప్ప కావాలి. మన పెరటి గుంతలో అంత వేడి పుట్టదు.

అయినా ఊక ఎంత కలిపితే ఆ కప్పులో ప్లాస్టిక్ అంత తగ్గుతుంది. ఆ మేలు నాకు చాలా విలువైనది. కాకపోతే 'ఊకతో చేసింది' అని రాసినంత మాత్రాన మట్టిలో కలిసిపోతుందని ఎవరూ అనుకోకూడదు.

కప్పు తిరగేసి అడుగున చూడండి. త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్. పాతిపెట్టకుండా పెన్సిళ్ళు వేసుకోండి. ఏముందో నాకు రాయండి.

మీ తాతయ్య