ఆటో స్టార్టర్లు తీయించాక మిగిలిన తగువు

యాసంగి నాట్లతో పాటే తెలంగాణలో వ్యవసాయానికి కరెంటు ఎన్ని గంటలివ్వాలి, ఇరవై నాలుగు గంటలా, అంతకు తక్కువా అన్న వాదన మళ్లీ లేచింది. 2004 నాటి ఉచిత విద్యుత్తు సంగతి తెలియనివారు లేరు కనుక దాని జోలికి పోనక్కరలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బోరు రైతుకు సంబంధించినంత వరకు అసలు మలుపు 2017లో వచ్చింది. 2018 జనవరి 1న రాష్ట్రమంతటా ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలుపెట్టే ముందు, కరెంటు రాగానే మోటారును దానంతటదే వేసే డబ్బాలను, అంటే ఆటో స్టార్టర్లను, తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరింది. అవి ఉంటే మోటార్లు రాత్రింబవళ్లు ఆడి భూగర్భజలం అడుగంటుతుందని అధికారులు చెప్పిన మాట నిజమే.

అయితే ఆ డబ్బా రైతు ఇంటికి సరదాగా రాలేదు. బోరు మోటార్లు నడిచే త్రీఫేజ్ కరెంటు విడతలుగా, అదీ అర్ధరాత్రి వచ్చే రోజుల్లో, చీకట్లో పాములకూ షాకుకూ భయపడుతూ బావి దగ్గరికి నడిచే బాధ తప్పించుకోవడానికే పెట్టుకున్నాడు. మూడు ఫేజులూ వచ్చాయా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. బోరులో నీళ్లెన్ని ఉన్నాయో, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడు ఉందో తెలియదు. అందుకే కరెంటు రాగానే ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీది మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. లేచేటప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక వోల్టేజీ పడిపోయి ఫ్యూజులు కొట్టేసేవి, మోటారు లోపలి తీగచుట్లు (వైండింగులు) కాలిపోయేవి. ఒక్కో డబ్బా కొన్ని సెకన్ల తేడాతో మోటారును లేపేలా టైమర్లు పెట్టించి ఉంటే ఈ నష్టం చాలావరకు తగ్గేది.

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు రాతినేలల్లో చాలా బోర్లు కాసేపు పోసి ఆగుతాయి, ఊట చేరాక మళ్లీ పోస్తాయి. అలాంటి బోరుకు రోజంతా కరెంటు అందుబాటులో ఉండడమే మేలు, కాకపోతే నీళ్లు తగ్గినప్పుడు మోటారును ఆపి, ఊరాక మళ్లీ వేసే స్టార్టరు కావాలి. నీళ్లందక మోటారు లాగే కరెంటు (ఆంపియర్లు) పడిపోగానే ఆపేసి, పెట్టిన వ్యవధి తర్వాత మళ్లీ వేసే స్టార్టర్లు, ఫోనుతో నడిపేవి కూడా, బజార్లో దొరుకుతున్నాయి. పాతవి తీయమన్నంత గట్టిగా వీటిని పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. కావాలనుకున్న రైతు సొంత ఖర్చుతో కొనుక్కుంటున్నాడు. ఇప్పటి వాదనలో గంటల లెక్కే తప్ప, ఈ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఇరుపక్షాల్లో ఎవరి నోటా రావడం లేదు.