పోర్షే ఫార్ములా వన్‌కి ఎందుకు రాలేకపోతోంది: 1962 నుంచి ఒకే పేచీ

పోర్షే ఫార్ములా వన్‌లోకి తిరిగి వస్తుందన్న మాట కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. 2022లో అయితే దాదాపు వచ్చేసినట్టే, రెడ్‌బుల్‌తో ఇక సంతకాలే మిగిలాయని అందరం అనుకున్నాం, సెప్టెంబర్ 9న కంపెనీ చిన్న ప్రకటన ఒకటి ఇచ్చి చర్చలు ముగిశాయని చెప్పేసింది. ఇప్పుడేమో 2030, 31 నాటికి ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజిన్లు మళ్లీ తేవాలని, రూల్స్ రాసే సంస్థ ఎఫ్ఐఏ ప్రెసిడెంట్ మొహమ్మద్ బెన్ సులేయమ్ పట్టుపడుతున్నారు కాబట్టి అదే చర్చ ఇంకోసారి. లె మాన్స్ 24 గంటల రేసు 19 సార్లు గెలిచిన కంపెనీ ఎఫ్ వన్‌లో ఎందుకు లేదు అనే డౌట్ న్యాయమైనదే. డబ్బు ఒక కారణం, కానీ పాత సంగతులన్నీ వరసగా చూస్తే ప్రతిసారీ అడ్డం పడిందో నిలబెట్టిందో ఒకటే విషయం, ఖర్చు ఎవరిది, పేరు ఎవరిది, చివరి మాట ఎవరిది అనేది.

సొంత కారు, సొంత ఇంజిన్‌తో పోర్షే గెలిచిన ఎఫ్ వన్ చాంపియన్‌షిప్ రేసు ఒక్కటే. 1961లో రూల్స్ మార్చి ఇంజిన్ సైజు 1.5 లీటర్లకి దించారు, పోర్షే అప్పటికే ఆ సైజుతో ఫార్ములా టూలో పోటీ పడుతోంది కాబట్టి పై క్లాసులోకి దిగడం తేలికైంది. అమెరికన్ డాన్ గర్నీ, స్వీడన్ డ్రైవర్ యో బోనియర్ నడిపారు. ఆ ఏడాది గర్నీ మూడు రేసుల్లో రెండో స్థానంలో వచ్చాడు, రీమ్స్‌లో అయితే ఫెరారీలో మొదటి చాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రి ఆడుతున్న బగెట్టి చేతిలో సెకనులో పదో వంతు తేడాతో పోయింది, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 1962కి 804 అని కొత్త కారు, గాలితో చల్లబడే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ తయారుచేశారు, జులై 8న రూయెన్‌లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి గర్నీ గెలిచాడు. ముందున్న కార్లు ఇబ్బందుల్లో పడటం కలిసొచ్చిన మాట నిజమే, అయినా గెలుపు గెలుపే. వారం తిరిగేసరికి స్టుట్‌గార్ట్ దగ్గరే ఉన్న సొలిట్యూడ్ ట్రాక్‌లో, చాంపియన్‌షిప్ లెక్కలో లేని రేసే అనుకోండి, సొంత ఊరి జనం ముందు మళ్లీ గెలిచాడు.

ఆ సీజన్ అయిపోగానే పోర్షే బయటికొచ్చేసింది. కంపెనీ అధిపతి ఫెర్రీ పోర్షే లెక్క సూటిగా ఉంది. అప్పటికి అది చిన్న కంపెనీ, అప్పటి 356 మోడల్ స్థానంలో రావాల్సిన కొత్త కారు మీద పని జరుగుతోంది, 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించిన ఆ కారే తర్వాత 911 అయింది. ఒక్క సీటు, బయటికి తేలి ఉండే చక్రాలతో ఉన్న రేస్ కారులో నేర్చుకున్నది రోడ్డు కారుకి పెద్దగా పనికిరాదు, ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారైతే పనికొస్తుంది, పైగా అదే కారుని ప్రైవేట్ టీమ్‌లకి అమ్ముకోవచ్చు. 1970లో 917 రేస్ కారుతో లె మాన్స్ మొదటిసారి గెలవడం, 80ల్లో 956, 962 రేస్ కార్లని కస్టమర్లకి అమ్ముతూనే అక్కడ రాజ్యమేలడం, అన్నీ ఆ నిర్ణయం మీద నడిచినవే. నా దృష్టిలో అది పిరికి నిర్ణయం కాదు, చాలా తెలివైన నిర్ణయం.

ఇక అసలు కథ 1981లో మొదలైంది. మెక్‌లారెన్ బాస్ రాన్ డెన్నిస్‌కి టర్బో ఇంజిన్ కావాలి, పోర్షే దగ్గరికి వెళ్లాడు. సొంత డబ్బు పెట్టం, డబ్బులిస్తే చేసిపెడతాం అన్నారు వాళ్లు. వైసాక్‌లో ఉన్న వాళ్ల డెవలప్‌మెంట్ సెంటర్ బయటి కంపెనీలకి కాంట్రాక్ట్ మీద ఇంజినీరింగ్ చేసిపెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. డబ్బు టాగ్ గ్రూప్ నుంచి మన్సూర్ ఒజే పెట్టాడు. డిజైన్ చేసింది హాన్స్ మెట్స్‌గర్, 911 ఇంజిన్, 917 ఇంజిన్ వెనకున్న మనిషి. కానీ ఏం కావాలో చెప్పింది మాత్రం మెక్‌లారెన్ డిజైనర్ జాన్ బర్నార్డ్, ఇంజిన్ ఎంత వెడల్పు ఉండాలి, చుట్టూ ఏ పార్ట్ ఎక్కడ కూర్చోవాలి అని అన్నీ తన కారుకి సరిపడేలా ముందే రాసిచ్చాడు. అంతటి పోర్షే ఇంజినీర్లు ఒక ఇంగ్లిష్ టీమ్ ఇచ్చిన కొలతలకి లోబడి పనిచేశారు. ఇంజిన్ మీద పెద్దగా ఉన్న పేరు టాగ్ టర్బో, పోర్షే తయారీ అన్నది కింద వచ్చే మాట.

ఫలితం ఎలా ఉందంటే, 1983 చివర్లో రేసుల్లోకి వచ్చిన ఆ వి6 1984లో 16 రేసుల్లో 12 గెలిచింది. ఆ ఏడాది టైటిల్ ఇద్దరు టీమ్‌మేట్ల మధ్యే తేలింది, నికి లౌడాకి 72 పాయింట్లు, అలెన్ ప్రోస్ట్‌కి 71.5, ఎఫ్ వన్ చరిత్రలో ఇంత తక్కువ తేడా ఇంకెప్పుడూ లేదు, ఆ అర పాయింటు కూడా మొనాకోలో వాన వల్ల రేసు మధ్యలో ఆపేసి సగం పాయింట్లే ఇవ్వడం వల్ల వచ్చింది. 1985లో ప్రోస్ట్, 1986లో అడిలైడ్‌లో టైటిల్ పోటీలో ఉన్న మాన్సెల్ టైరు పేలిపోయాక మళ్లీ ప్రోస్ట్. 1987లో హోండా దాటేసింది, అయినా మొత్తం లెక్క 25 గెలుపులు, మూడు డ్రైవర్ టైటిళ్లు, టీమ్‌లకిచ్చే కన్‌స్ట్రక్టర్ టైటిళ్లు రెండు. ఎఫ్ వన్‌లో పోర్షే చేసిన అతి గొప్ప పని ఇదే, కానీ అది వేరేవాళ్ల డబ్బుతో, వేరేవాళ్ల పేరుతో, వేరేవాళ్లు చెప్పినట్టు చేసిన పని. ఈ సంగతి గుర్తుపెట్టుకోకుండా 2022 గొడవ అర్థం కాదు.

1991లో తిరగబడింది. జపాన్ వ్యాపారి వతారు ఒహాషీకి చెందిన ఫుట్‌వర్క్ టీమ్‌కి పోర్షే 3.5 లీటర్ల వి12 ఇచ్చింది, ఈసారి పోర్షే పేరుతోనే. డిజైనర్ మళ్లీ మెట్స్‌గరే, కానీ ఇంజిన్ విపరీతమైన బరువు, పవర్ చాలదు, ఆయిల్ సమస్యలు. కొన్ని రేసులకి అసలు క్వాలిఫై కాలేదు, ఒక్క పాయింటు రాలేదు, సీజన్ సగానికి రాకముందే టీమ్ దాన్ని తీసేసి ఫోర్డ్ కాస్‌వర్త్ ఇంజిన్ పెట్టుకుంది. బర్నార్డ్‌లా ఇది కావాలి, ఇది వద్దు అని గట్టిగా చెప్పే మనిషి అవతల లేకపోవడమే పెద్ద లోటు అని నాకనిపిస్తుంది.

తర్వాత చాలా ఏళ్లు ఎఫ్ వన్ ఊసే లేదు. లె మాన్స్ కోసం చేసిన వి10 ప్రాజెక్టుని కూడా రేసులోకి దించకుండానే ఆపేశారు, ఆ ఇంజిన్ చివరికి కరేరా జీటీ రోడ్డు కారులోకి చేరింది. 2014లో 919 హైబ్రిడ్‌తో లె మాన్స్‌కి తిరిగొచ్చి 2015, 16, 17 వరసగా గెలిచి, 2017లోనే ఆ ప్రోగ్రాం ఆపేసి ఎలక్ట్రిక్ కార్ల రేసులైన ఫార్ములా ఈకి మళ్లారు. అదే టైంలో 2021 ఎఫ్ వన్ రూల్స్ ఎలా ఉంటాయో చూసి ఒక ఆరు సిలిండర్ల ఇంజిన్ తయారుచేసి టెస్ట్ బెంచ్ మీద నడిపారు కూడా, ఆ విషయం 2019లో కంపెనీయే చెప్పింది. అప్పటి ఎఫ్ వన్ ఇంజిన్లలో ఎంజీయూ-హెచ్ అని టర్బోకి కలిపిన ఒక ఎలక్ట్రిక్ మోటర్ ఉండేది, భయంకరమైన ఖర్చు, రోడ్డు కార్లలో వాడకం లేనట్టే. అది తీసేస్తే వస్తాం అన్నది పోర్షే మాతృసంస్థ వోక్స్‌వాగన్ గ్రూప్ మాట, అప్పుడు తీయలేదు, వీళ్లు రాలేదు.

2026 రూల్స్‌లో తీసేశారు. పవర్‌లో కరెంటు వాటా దాదాపు సగానికి పెరిగింది, ఇంధనం పూర్తిగా సస్టైనబుల్, ఇంజిన్ తయారీ ఖర్చు మీద కూడా క్యాప్. అడిగినవన్నీ దొరికాయి. 2022 మేలో వోక్స్‌వాగన్ బాస్ హెర్బర్ట్ డీస్ ఆడీ, పోర్షే రెండూ వస్తాయని బహిరంగంగానే చెప్పాడు. జులైలో విచిత్రంగా మొరాకో నుంచి బయటపడింది సంగతి, కంపెనీల విలీనాలకి అక్కడి కాంపిటీషన్ కౌన్సిల్ అనుమతి కావాలి, వాళ్లు దరఖాస్తులు పబ్లిక్‌గా పెడతారు, అందులో పోర్షే రెడ్‌బుల్ టెక్నాలజీలో 50 శాతం వాటా తీసుకోవాలనుకుంటోందని స్పష్టంగా ఉంది.

ఆ 50 శాతం దగ్గరే ఆగిపోయింది. పోర్షే కోరింది సమాన భాగస్వామ్యం, ఇంజిన్‌లోనే కాదు టీమ్‌లో కూడా. రెడ్‌బుల్ అప్పటికే హోండా వెళ్లిపోతోందని మిల్టన్ కీన్స్‌లో సొంత ఇంజిన్ ఫ్యాక్టరీ పెట్టుకుంది, వాళ్ల డ్రైవర్ వెర్‌స్టాపెన్ 2021 టైటిల్ గెలిచాడు, 2022లోనూ దూసుకుపోతున్నాడు, పొద్దున అనుకున్నది సాయంత్రానికి చేసేసే టీమ్ అది. ప్రతి నిర్ణయానికీ స్టుట్‌గార్ట్ బోర్డు వైపు చూడాల్సిన పరిస్థితి అప్పటి టీమ్ బాస్ క్రిస్టియన్ హార్నర్‌కి అక్కర్లేదు. అదే నెల చివర్లో పోర్షే షేర్లు స్టాక్ మార్కెట్‌కి రావాల్సి ఉంది కాబట్టి వాళ్లకీ తేలని విషయాన్ని సాగదీసే వీలు లేదు. కొన్ని నెలలకే, 2023 ఫిబ్రవరిలో, రెడ్‌బుల్ ఫోర్డ్‌తో కలిసింది. ఫోర్డ్ వాటా అడగలేదు, టెక్నికల్ సాయం, డబ్బు ఇచ్చి ఇంజిన్ మీద తన పేరు కూడా వేయించుకుంది. 1981లో టాగ్ ఒప్పందంలో పోర్షే ఎంత వెనక నిలబడిందో 2022లో అంత ముందు నిలబడాలనుకుంది, ఆ సీటు ఖాళీగా లేదు. ఆడీ మాత్రం సాబర్ టీమ్‌నే కొనేసి 2026 గ్రిడ్ మీదకి వచ్చింది. చివరి మాట కావాలంటే టీమ్ కొనుక్కోవాలి అన్నదే అసలు దారి, ఆడీ చేసింది అదే.

మన దగ్గర పోర్షే రేస్ కారుని కళ్లతో చూసినవాళ్లు ఉన్నారంటే అది కూడా ఫార్ములా ఈ పుణ్యమే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన హైదరాబాద్ ఈ-ప్రిలో పోర్షే డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టా మూడో స్థానం తెచ్చుకున్నాడు, తర్వాతి ఏడాది రేసు రద్దయిపోయింది, మనకి అదొక్కటే మిగిలింది. 2024లో పాస్కల్ వెర్లైన్ పోర్షేకి ఫార్ములా ఈ టైటిల్ తెచ్చాడు.

ఇప్పటి పరిస్థితి చెప్పాలంటే కష్టంగానే ఉంది. చైనాలో పోర్షే 2021లో 95 వేలకి పైగా కార్లు అమ్మింది, 2024కి అది 57 వేల లోపుకి పడిపోయింది. ఎలక్ట్రిక్ కార్ల ప్లాన్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చి లాభాలకి గట్టి దెబ్బ తగిలింది. 2025 లె మాన్స్‌లో 24 గంటలు పోరాడి 14 సెకన్ల తేడాతో ఫెరారీ వెనక రెండో స్థానంలో ఆగిన 963 ఫ్యాక్టరీ ప్రోగ్రాంని కూడా ఆ సీజన్‌తోనే వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ నుంచి తీసేశారు, అమెరికాలో ఇంసా స్పోర్ట్స్ కార్ల సిరీస్, ఇంకా ఫార్ములా ఈ మాత్రం ఉంచుకున్నారు. 2026 జనవరి నుంచి కొత్త సీఈవో మిఖాయెల్ లైటర్స్, ఇంతకుముందు ఫెరారీలో, మెక్‌లారెన్‌లో పనిచేసిన మనిషి, కానీ ఆయన ముందున్న మొదటి పని కంపెనీని గాడిలో పెట్టడం. లె మాన్స్‌నే వదులుకున్న బోర్డు ఇప్పుడు ఎఫ్ వన్ టీమ్ కొనడానికి ఒప్పుకోదు. వి8 రూల్స్ నిజంగా ఖరారైతే, ఖర్చు తగ్గితే, వేరే టీమ్ ఎవరైనా డబ్బు పెట్టి ఇంజిన్ చేసిపెట్టమంటే, పేరు చిన్న అక్షరాల్లో ఉన్నా సరే అని వైసాక్ ఒప్పుకుంటే, అప్పుడు మాత్రం దారి ఉంది. ఎంజీయూ-హెచ్ విషయంలో ముందు రూల్ రాని, తర్వాత చూద్దాం అన్నవాళ్లు కాబట్టి ఆ ఇంజిన్ రూల్స్ కాగితం మీదకి వచ్చేదాకా స్టుట్‌గార్ట్ నుంచి ఏ ప్రకటనా రాదని నా అంచనా.