లోపలి నుంచి పైమంటను లెక్కగట్టడం

అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వ్యోమనౌక భూవాతావరణంలోకి దూసుకొస్తున్నప్పుడు దాని ఉష్ణకవచం మీద ఏ క్షణాన ఎంత వేడి పడుతోంది? పైన సెన్సర్ పెడితే కాలిపోతుంది. అందుకే థర్మోకపుల్‌ను కవచం లోపల కొంత లోతులో అమరుస్తారు. ఉష్ణోగ్రతను కొలవడానికి రెండు వేర్వేరు లోహపు తీగలను కలిపిన ముడి అది. ముడికీ తీగల అవతలి చివరలకీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఉంటే వోల్టేజి పుడుతుంది; ఎక్కువగా వాడే కె రకంలో ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 40 మైక్రోవోల్టులు పుడతాయి.

ఇక లోపలి రీడింగుల నుంచి పైన జరిగింది రాబట్టాలి. పైన పడే వేడి తెలిస్తే లోపలి ఉష్ణోగ్రత చెప్పడానికి ఫ్రెంచ్ గణితవేత్త ఫోరియర్ 1822లో ఇచ్చిన సమీకరణం చాలు. వెనక్కి నడవడమే కష్టం. ఎందుకంటే వేడి తను ప్రయాణించే దారిలో వివరాలను చెరిపేసుకుంటూ పోతుంది. మట్టినే చూడండి. పగలూ రాత్రీ మధ్య వచ్చే హెచ్చుతగ్గులు దాదాపు ప్రతి 10 సెంటీమీటర్లకూ మూడో వంతుకు పడిపోతాయి, ఆలస్యంగానూ చేరతాయి. ఏడాదికోసారి వచ్చే మార్పు మాత్రం దానికి 19 రెట్లు లోతుకు దిగుతుంది. మార్పు ఎంత వేగంగా ఉంటే అంత పైపైనే ఆరిపోతుంది. కాబట్టి లెక్కను తిరగేసినప్పుడు, పరికరంలోని చిన్న గజిబిజి కూడా పైన పెద్ద మంట చెలరేగినట్టు లెక్కలో కనిపిస్తుంది. దీన్నే విలోమ ఉష్ణవహన సమస్య అంటారు.

మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసిన జేమ్స్ బెక్ దీనికి చూపిన దారి నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. ఇప్పుడు పైన పడిన వేడి కబురు లోపలికి ఆలస్యంగా అందుతుంది కదా! అయితే ఈ క్షణపు వేడిని ఈ క్షణపు రీడింగుతోనే తేల్చడం ఎందుకు? తర్వాతి కొన్ని రీడింగులను కూడా కలిపి, వాటన్నిటికీ బాగా సరిపోయే విలువను ఎంచుకోవాలి. అలా చేస్తే లెక్క గాడి తప్పదు. కాకపోతే మరీ ఎక్కువ రీడింగులు కలిపితే అసలు మార్పులూ చదునైపోతాయి. ఎన్ని కలపాలన్నదే ఇందులో నేర్పు.

ఇంత చేసినా థర్మోకపుల్ చెప్పేది తన ముడి ఉష్ణోగ్రతనే. ముడి చుట్టూ సన్నటి గాలి పొర మిగిలితే రీడింగు వెనకబడుతుంది. గాలి ఉష్ణవాహకత రాగిదానిలో సుమారు 15,000వ వంతే మరి. పైగా తీగలు కూడా ముడి నుంచి వేడిని లాగేస్తుంటాయి. అందుకే సన్నటి తీగలు వాడి, ముడి దగ్గర కొంత మేర వాటిని ఉపరితలానికి సమాంతరంగా, ఒకే ఉష్ణోగ్రత ఉండే దారిలో నడిపించి, ఆ తర్వాతే బయటికి తీస్తారు.