స్ట్రోక్ తర్వాత లేనివి కనిపిస్తుంటే: అపోహలు - వాస్తవాలు

స్ట్రోక్ వచ్చి తేరుకున్న ఒక పెద్దాయన చెకప్‌కి వచ్చారు. నడక, మాట, బీపీ అన్నీ చూశాక "ఎడమ పక్కన ఏమైనా కనిపిస్తోందా?" అని అడిగాను. కూతురు బయటే ఉందని ఒకసారి తలుపు వైపు చూసుకుని గొంతు తగ్గించారు. "ఓ పిల్లాడు నిలబడతాడు డాక్టరుగారూ. ఎర్ర చొక్కా. ఏమీ మాట్లాడడు." మూడు వారాలుగా ఎవరికీ చెప్పలేదట. న్యూరాలజిస్టుగా ఈ గుసగుస నాకు కొత్త కాదు. మనం అడగకపోతే చాలామంది చెప్పరు.

అపోహ: లేనివి కనిపిస్తే మతి చలించినట్టే.

వాస్తవం: ఆయనకు మెదడు వెనక భాగంలో, చూపును గ్రహించే చోట, కుడివైపు దెబ్బతింది. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కానీ రెండు కళ్లలోనూ ఎడమ సగం చూపు పోయింది. కళ్ల నుంచి సమాచారం రాకపోయినా అక్కడ మిగిలిన కణాలు ఊరుకోవు, వాటంతటవే బొమ్మలు అల్లుతాయి. పిల్లాడు ఎప్పుడూ ఎడమవైపే నిలబడేది అందుకే. పైగా వాడు నిజం కాదని ఆయనకు తెలుసు. 1760లోనే చార్లెస్ బోనె అనే స్విస్ శాస్త్రవేత్త, శుక్లాలతో చూపు తగ్గిన తన తాతగారికి మనుషులు, పక్షులు, భవనాలు కనిపించడం గురించి రాశాడు. ఆ తాతగారి బుద్ధి నిక్షేపంగా ఉంది.

అపోహ: ఏది కనిపించినా ఒకటే, దానంతటదే పోతుంది.

వాస్తవం: చూపు పోయిన వైపు కనిపించేవి చాలామందిలో వారాల్లో, నెలల్లో పలచబడతాయి, నిజమే. కానీ అన్నీ ఆ కోవకు రావు. రంగు రంగుల చుక్కలో వలయాలో ప్రతిసారీ ఒకేలా వచ్చి కొన్ని సెకన్లలో, నిమిషాల్లో పోతుంటే అది ఫిట్స్ కావచ్చు. ఒళ్లు కొట్టుకోకుండా కూడా ఫిట్స్ వస్తాయి. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) తీయాలి, మందు వాడాలి. మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) పైభాగంలో స్ట్రోక్ వస్తే సాయంత్రం వేళ జంతువులు, మనుషులు సినిమా చూసినంత స్పష్టంగా కనిపించవచ్చు. దీన్ని ఫ్రెంచ్ న్యూరాలజిస్టు లెర్మిట్ 1922లో వర్ణించారు. గ్లాసు తీసేశాక కూడా గ్లాసు అక్కడే ఉన్నట్టు కనిపించడం ఇంకో రకం.

నాకు టెన్షన్ పెట్టేది వేరే ఉంది. మనిషి ఎక్కడున్నాడో, ఏ పూటో తెలియక, కాసేపు బాగుండి కాసేపు కలవరిస్తూ, కనిపించినవన్నీ నిజమేనని నమ్ముతుంటే ఆలస్యం చేయకండి. ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం, మూత్రం రాకుండా లోపలే నిలిచిపోవడం, కొత్త మందు, ఉన్నట్టుండి మద్యం ఆపేయడం, ఏదైనా కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: మత్తు మందు ఇస్తే పోతుంది.

వాస్తవం: ఎక్కువమందికి మందే అక్కర్లేదు. మత్తు వల్ల పెద్దవాళ్లు తూలి పడతారు, అది అసలు బాధకన్నా పెద్ద బాధ. గదిలో వెలుతురు పెంచడం, చూపు అటూ ఇటూ తిప్పడం, రెప్పలు ఆడించడం కొందరికి పనిచేస్తాయి. ఇంట్లోవాళ్లు "అక్కడేం లేదు" అని గద్దించనక్కర్లేదు, ఉన్నట్టు నటించనూ వద్దు. "నాకు కనిపించట్లేదు, మీకు స్ట్రోక్ వల్ల కనిపిస్తోంది" అంటే సరిపోతుంది.

ఆ రోజు కూతుర్ని లోపలికి పిలిచి ఆయన చేతే చెప్పించాను. "అందుకా నాన్నా, మాట్లాడుతూ మాట్లాడుతూ అటు చూసేది!" అంది. బండి తోలడం మాత్రం ఆపమన్నాను. ఎడమవైపు నుంచి వచ్చే వాహనం ఆయనకు కనిపించదు మరి. పిల్లాడి సంగతి విన్నప్పటి కన్నా ఆ మాటకే ఆయన ఎక్కువ నొచ్చుకున్నారు.