లడ్డూకి నొప్పి ఎక్కడో ఎలా తెలుస్తుంది?

తిరుపతి,
కార్తీక మాసం, వాన ఆగని రోజు

చిరంజీవులు నందూకీ చిట్టికీ తాత ఆశీస్సులు.

చిట్టీ, మీ కుక్క లడ్డూకి జబ్బు చేసిందని మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు తోచక "వాన చప్పుడమ్మా, వినపళ్ళేదు" అని తప్పించుకున్నాను. వినపడింది. "లడ్డూకి మాటలు రావు కదా తాతా, మరి నొప్పి ఎక్కడో డాక్టరుకి ఎలా తెలుస్తుంది?" అన్నావు.

మీ నాయన పెళ్లయిన కొత్తలో సంక్రాంతికి మా ఇంటికి వచ్చాడు. మీ అవ్వ రాగిసంగటి, నాటుకోడి పులుసు చేసింది. కొత్తల్లుడు కదా, వడ్డిస్తుంటే వద్దనలేక తిన్నాడు. రాత్రికి కడుపు పట్టేసింది. "ఏం నాయనా, ఒంట్లో బాగుందా?" అంటే "బాగుండాను మామా" అన్నాడు. పొద్దున దోసె ముట్టలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రెండోసారి పిలిస్తే గానీ పలకలేదు. "ఆ పిల్లోడు చెప్పకపోతేనేం, విస్తరి చెప్తాంది" అని మీ అవ్వ జీలకర్ర కషాయం పెట్టేసింది.

కుక్క కూడా కొత్తల్లుడే. నొప్పి ఉంటే పైకి చెప్పదు, మంచం కిందికి పోయి ముడుచుకుంటుంది. రోజూ గిన్నె నాకి తళతళలాడించే లడ్డూ అన్నం వదిలేసిందంటే విస్తరి చెప్పేసినట్టే. అందుకే డాక్టరు గారు మొదట దాన్ని కాదు, మీ అమ్మని అడిగారు. ఎన్నాళ్లుగా తినలేదు, నీళ్లు తాగుతోందా, వాంతి ఏ రంగు, టీకాలు వేయించారా? అల్లుడి సంగతి అత్తగారినే కదా అడగాలి. ఆ టీకాల ప్రశ్న ఊరికే అడిగింది కాదు. టీకా పడని కుక్కపిల్లకి వాంతులు, నెత్తురు విరేచనాలు అయితే పార్వో అనే వైరస్ జబ్బని అనుమానిస్తారు. అప్పుడు సెలైన్ ఎక్కించి, పిల్ల తనంతట తాను తట్టుకునేదాకా కాపాడాలి. ఒక్క పూట ఆలస్యమైనా కష్టం.

అడగడం అయ్యాక చూడటం. నందూ, నువ్వు చెవి పట్టుకుని "కాలిపోతోంది" అన్నావట. కుక్క ఒళ్లు మనకన్నా వేడి నాయనా. మనకి 98.6 డిగ్రీలు మామూలైతే దానికి 101 నుంచి 102.5 దాకా మామూలే. చేతికి తెలియదు, థర్మామీటరుకే తెలుస్తుంది. అది ఎక్కడ పెడతారో నువ్వు చూసి నవ్వావని కూడా విన్నాను.

లడ్డూకి వచ్చింది పిడుదుల జ్వరం అన్నారు కదా. ఆ మాట వినగానే నాకు కరియ గుర్తొచ్చింది. చంద్రగిరి దగ్గర మా పల్లెలో నా వెంట తిరిగిన నల్లకుక్క. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వానలు పడితే చాలు, దాని చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు, నెత్తురు తాగి ఆముదపు గింజల్లా ఉబ్బి ఉండేవి. నేను పీకి రాతిమీద పెట్టి బొటనవేలి గోటితో టప్పుమనిపించేవాణ్ణి. మీరా పని చేయకండి. చేతులకి అంటుకునే నెత్తురులో రోగం ఉండొచ్చు. చిమ్మటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిలువుగా లాగి, స్పిరిట్‌లో వేసేయమని అమ్మకి చెప్పండి. మా నాయన కిరసనాయిలు పూశాడు. పిడుదులతో పాటు దాని చర్మమూ ఊడింది. తర్వాత ఒకరోజు గడప మీద నెత్తురు చుక్కలు కనిపించాయి, కరియ ముక్కులోంచి. "వేడి చేసింది, మజ్జిగ పొయ్యండి" అన్నారు పెద్దలు. పోశాం. నాలుగో రోజు చింతచెట్టు కింద...

సరే, వదిలేయండి. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లోనే పెట్టారు. మా ఊరి నుంచి బస్సులో అంతా కలిపి గంట కూడా పట్టదు. పశువుల ఆసుపత్రి అంటే ఎద్దులకీ బర్రెలకీ అనుకున్నాం గానీ, కుక్కని కూడా తీసుకెళ్లొచ్చని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

పిడుదు కుట్టినప్పుడు దానిలోని క్రిమి నెత్తురులో దిగి తెల్లకణాల లోపలే కాపురం పెడుతుంది. ఇది కొత్తల్లుడు కాదు, ఇల్లరికం అల్లుడు. ఓ పట్టాన కదలదు. దాని దెబ్బకి నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి, ముక్కులోంచి కారుతుంది. అందుకే డాక్టరు గారు రక్తపరీక్ష చేసి డాక్సీసైక్లిన్ అనే మాత్రలు 28 రోజులు రాశారు. అయిదో రోజుకే లడ్డూ చెప్పులు కొరుకుతోందని మాత్ర మానేద్దామంటున్నారట. ఇల్లరికపు అల్లుడు గది తలుపేసుకున్నాడంటే వెళ్లిపోయినట్టు కాదర్రా. పెట్టె సర్దుకుని బస్సెక్కేదాకా వదలకూడదు. పోలిక సాగదీస్తున్నానని మీ అవ్వ నవ్వుతోంది గానీ, 28 అంటే 28.

నందూ, నీ జ్వరం మాత్ర సగం విరిచి పెరుగన్నంలో కలపబోయావట. ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ మన పారాసెటమాల్ పిల్లికైతే ఒక్క మాత్ర చాలు, ప్రాణం తీస్తుంది. దాని ఒంటికి ఆ మందుని విరిచే శక్తి లేదు. కుక్కకీ డాక్టరు చెప్పందే మన మాత్ర ఏదీ వేయకూడదు. ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర అయితే దాని కడుపునీ కిడ్నీలనీ పాడు చేస్తుంది. అలాగే కుక్క ఒంటికి పూసే పిడుదుల మందు పక్కింటి పిల్లికి పూయకండి. కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, పిల్లికి అది విషం.

ఇంకో మాట. లడ్డూకి లడ్డూ పెట్టకండి. కొండ ప్రసాదంలో ఎండుద్రాక్ష ఉంటుంది కదా, అది కొన్ని కుక్కల కిడ్నీలని దెబ్బ తీస్తుంది. ఏ కుక్కకి పడదో ముందుగా తెలియదు. ప్రసాదం కాదంటే పాపమేమో అని మీ అవ్వ మొదట ఒప్పుకోలేదు. నోరులేనిదాని వంతు మనం కళ్ళకద్దుకుని తింటే స్వామి ఏమీ అనుకోడు అన్నాను. ఇప్పుడు దాని వాటా నాకు వస్తోంది.

చిట్టీ, నీ ప్రశ్నకి పూర్తి జవాబు నాకింకా చేతకాలేదు. డాక్టరు గారు లడ్డూ పెదవి పైకెత్తి చూశారన్నావు కదా, నువ్వూ అదే చెయ్యి. అది కరవదు, కానీ అమ్మ పక్కన ఉండాలి. చిగురు మీద బొటనవేలు మెల్లగా నొక్కి తియ్యి. అక్కడ తెల్లగా అయి, "ఒకటి, రెండు" అనేలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. రాకపోయినా, నొక్కకముందే పాలిపోయి ఉన్నా ఆలస్యం చేయకండి. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలైతే కింది కనురెప్ప లోపల చూడాలి. మా కరియకి అలాగే చూడాల్సింది.

28 రోజులు అయ్యాక, అది బాగా ఆడుకుంటున్న రోజు మళ్లీ చూడండి. నువ్వు నొక్కు, నందూ లెక్కపెడతాడు. ఆ రంగు దేనిలా ఉందో నాకు రాయండి.

మీ
తాత

విస్తరి సంగతి మీ నాయనకి చదివి వినిపించొద్దు.